బడి పిల్లల్లో నులిపురుగులు, అంటువ్యాధులు: బడిలోనే అడ్డుకోవడం ఎలా?

నులిపురుగుల మాత్ర వేసిన రోజు బడిలో అందరికీ ఊరటగా ఉంటుంది, ఒక పెద్ద పని అయిపోయిందని. కానీ ఆ మాత్ర చంపేది ఆ రోజు పిల్లల పేగుల్లో ఉన్న పురుగుల్ని మాత్రమే. ఆవరణలోని మట్టిలో, మరుగుదొడ్డి వెనకాల, కుళాయి కింద తడి నేలలో ఉన్న గుడ్ల జోలికి అది వెళ్లదు. వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి 2012లో చేసిన ఒక విశ్లేషణ ప్రకారం, చికిత్స అయిన 6 నెలలకు ఏలిక పాములనే నులిపురుగుల బెడద మునుపటి స్థాయిలో 68 శాతానికి, ఏడాదికల్లా 94 శాతానికి తిరిగి చేరింది. మాత్ర ఇచ్చి ఊరుకుంటే ఏడాది తిరిగేసరికి దాదాపు మొదటికే వస్తామన్నమాట.

ఉష్ణమండల ప్రాంతాల్లో బడి నడిపేవాళ్లు, అందులో పాఠాలు చెప్పేవాళ్లు, పిల్లల్ని పంపే తల్లిదండ్రులు కలిసి చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిని చేయాల్సిన వరుసలో ఇక్కడ చెబుతున్నాను. మందులు, మోతాదుల విషయంలో చివరి మాట మాత్రం మీ ఆరోగ్య సిబ్బందిదే.

1. ముందు జబ్బు వచ్చే దారి తెలుసుకోండి

జబ్బుల పేర్ల జాబితా చాలా పెద్దది. దాన్ని బట్టీ పట్టాల్సిన పనిలేదు. బడి పిల్లలకు ఇవి ప్రధానంగా నాలుగు దారుల్లో వస్తాయి: నోటి ద్వారా, చర్మం గుండా, దోమకాటుతో, ఒకరి నుంచి ఒకరికి. ప్రతి దారినీ మూసే పద్ధతి వేరు.

నోటి దారిలో వచ్చేవాటిలో అన్నిటికంటే విస్తారమైనది ఏలిక పాము. ఆడ పురుగు రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటికొస్తాయి. అప్పుడే వచ్చిన గుడ్డు ఎవరికీ అంటుకోదు. వెచ్చగా, తేమగా, నీడగా ఉన్న మట్టిలో రెండు మూడు వారాలు పండితేనే దానికి ఆ శక్తి వస్తుంది. తర్వాత మట్టి చేతులతోనో, కడగని పచ్చి కూరగాయలతోనో నోట్లోకి వెళుతుంది. పేగులో పిల్ల పురుగు బయటికొచ్చి, రక్తంలో ఊపిరితిత్తుల దాకా పోయి, గొంతులోకి ఎక్కి, మింగినప్పుడు మళ్లీ పేగుకే చేరి పెద్దదవుతుంది. ఈ ప్రయాణమంతా ముగిసి అది గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఇందులో ప్రతి టీచరుకూ తెలియాల్సిన విషయం ఒకటుంది. ఏలిక పాములు కడుపులో పిల్లల్ని పెట్టి పెరిగిపోవు. పిల్లవాడి కడుపులో 20 పురుగులుంటే, వాడు పండిన గుడ్లు కనీసం 20 మింగాడని అర్థం. మింగే గుడ్లు సగానికి తగ్గితే లోపల పేరుకునే పురుగులూ ఆ మేరకు తగ్గుతాయి. చేతులు కడిగించడం మీద ఇంత పట్టు పట్టేది ఇందుకే.

కొరడా పురుగులదీ నోటి దారే. కొంకి పురుగులు మాత్రం ఎక్కువగా చర్మం గుండా వస్తాయి. మట్టిలోని వాటి పిల్లలు చెప్పుల్లేని పాదాల్లోంచి ఒంట్లోకి దూరి, చివరికి పేగు గోడను కరచుకుని రక్తం తాగుతాయి. ఏలిక పాములు, కొరడా పురుగుల భారం బడి ఈడు పిల్లల్లోనే ఎక్కువ. కొంకి పురుగుల బెడద పెద్దవాళ్లలోనూ బాగా ఉంటుంది కాబట్టి బడిలో మాత్ర వేసినంత మాత్రాన అది ఊరిని వదలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మట్టి ద్వారా వచ్చే ఈ పురుగులు సుమారు 150 కోట్ల మందిలో ఉన్నాయి.

చెరువులు, కాలువల్లో ఈదే పిల్లలకు షిస్టోసోమియాసిస్ అనే మరో జబ్బు రావచ్చు. దీన్నే బిల్‌హార్జియా అని కూడా అంటారు. చికిత్స అవసరమైనవాళ్లలో కనీసం 90 శాతం మంది ఆఫ్రికాలోనే ఉన్నారు. రోగి మూత్రం లేదా మలంతో గుడ్లు నీటిలో పడతాయి. వాటిలోంచి వచ్చిన పిల్లలు మంచినీటి నత్తల్లో పెరిగి, మళ్లీ నీటిలోకి వచ్చి, ఆ నీటిలో దిగినవాళ్ల చర్మంలోకి నిమిషాల్లో దూరతాయి. ఈ జబ్బు లేని ప్రాంతంవాళ్లు దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఉన్న ప్రాంతంలో మాత్రం ఈత సరదాను దీని నుంచి విడదీసి చూడలేం.

2. హాజరు రిజిస్టరును ఆరోగ్య పుస్తకంగా వాడుకోండి

డాక్టరు ఏడాదికోసారి వస్తారు, టీచరు రోజూ చూస్తారు. కాబట్టి మొదటి పని పరీక్షలు చేయించడం కాదు, రాసిపెట్టడం. పిల్లలు రాకపోతే గైర్హాజరు అని పెట్టి వదిలేయకండి. కారణం అడిగి పక్కన ఒక మాటలో రాయండి: విరేచనాలు, జ్వరం, దగ్గు, దద్దుర్లు, కళ్లు. రెండు నెలలు రాస్తే చాలు, మీ బడిలో ఏ జబ్బు ఏ తరగతిలో తిరుగుతోందో తెలిసిపోతుంది. ఒకే తరగతిలో ఒకటి రెండు రోజుల్లో ముగ్గురు నలుగురికి విరేచనాలైతే ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి కబురు చేయండి, తాగునీటిని అనుమానించండి.

తరగతిలో గమనించాల్సినవి కూడా ఉన్నాయి. కింది కనురెప్ప లోపలి భాగం, నాలుక, అరచేతులు పాలిపోయి కనిపించడం. ఆటల్లో తొందరగా ఆయాసపడి పక్కన కూర్చోవడం. మట్టి, బలపాలు తినడం. ఇవి రక్తహీనతకు గుర్తులు కావచ్చు. వెనక కొంకి పురుగులో, మలేరియానో, పోషకాహార లోపమో, అవన్నీ కలిసో ఉండొచ్చు. ఇలాంటి పిల్లల్ని చదువులో మొద్దులు, బద్ధకస్తులు అనడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. వాళ్లకు కావాల్సింది ఒక రక్తపరీక్ష.

షిస్టోసోమియాసిస్ ఉన్న ప్రాంతాల్లో ‘మూత్రం ఎర్రగా వస్తోందా?’ అని పిల్లల్ని విడివిడిగా అడగడం చాలా ఉపయోగపడుతుంది. ఏ బడుల్లో బెడద ఎక్కువో గుర్తించడానికి ఈ ఒక్క ప్రశ్నను ఆఫ్రికా దేశాల్లో విస్తృతంగా వాడారు. అడిగేటప్పుడు తోటి పిల్లల ముందు వద్దు. గజ్జికైనా పేలకైనా ఇదే నియమం. వరసలో నిలబెట్టి పేర్లు చదివితే మరుసటి రోజు నుంచి పిల్లలు దాచడం మొదలుపెడతారు.

3. మరుగుదొడ్డి, చేతులు, తాగునీరు

మొత్తం పనిలో ఇదే కష్టమైనది, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. అందుకే ఎక్కువ సమయం దీనికే కేటాయించమంటాను.

మరుగుదొడ్డితో మొదలుపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో బడుల కోసం ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ప్రతి 25 మంది ఆడపిల్లలకు ఒక మరుగుదొడ్డి ఉండాలి. మగపిల్లల్లో ప్రతి 50 మందికి ఒక మరుగుదొడ్డి, ఒక మూత్రశాల ఉండాలి. మీ బడిలో లెక్క వేసి చూడండి. లెక్కలోకి తలుపుకు తాళం వేసినవి తీసుకోవద్దు, వాడుకలో ఉన్నవే తీసుకోండి.

తర్వాత లోపలికి మీరే వెళ్లి చూడండి. గడియ పడుతుందా? తలుపు వేశాక వెలుతురు ఉంటుందా? ఆరేళ్ల పిల్ల కూర్చున్న చోటు నుంచి నీళ్లు చేతికి అందుతాయా? గుంత మీది రంధ్రం చిన్నపిల్లలు భయపడేంత పెద్దగా ఉందా? ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా పిల్లలు గోడ చాటుకే వెళతారు. ఆ గోడ చాటునే మూడు వారాల్లో గుడ్లు పండుతాయి. శుభ్రం చేసేవాళ్లకు చేతి తొడుగులు, బూట్లు తప్పకుండా ఇవ్వాలి, వాళ్ల ఆరోగ్యమూ మన బాధ్యతే. మరుగుదొడ్లు కడిగే పనిని పిల్లలకు శిక్షగా ఎప్పుడూ వేయకండి.

చేతులు కడిగే చోటు మరుగుదొడ్డి నుంచి తరగతికి వెళ్లే దారిలోనే ఉండాలి. ఎక్కడో మూలన పెడితే ఎవరూ వెళ్లరు. కుళాయి లేకపోయినా ఇబ్బంది లేదు. ఒక డబ్బాను కర్రకు వేలాడదీసి, దానికి తాడు కట్టి, ఆ తాడును కాలితో తొక్కితే డబ్బా వంగి నీళ్లు పడేలా చేయవచ్చు. ఇలా అయితే మురికి చేత్తో దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. సబ్బు బిళ్ల మాయమైపోతోందని చాలా బడుల్లో పెట్టడమే మానేస్తారు. సీసాలో నీళ్లు పోసి, కొద్దిగా బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు చిన్న రంధ్రం చేసి కట్టేయండి. చేతులు కడగడానికి ఆ సబ్బు నీళ్లు బాగానే పనిచేస్తాయి.

కడగాల్సింది ముఖ్యంగా రెండు సమయాల్లో: మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, తినే ముందు. సబ్బు రాశాక కనీసం 20 సెకన్లు, వేళ్ల సందులు, గోళ్ల చివర్లు, బొటనవేళ్లు వదలకుండా రుద్దాలి. మొదటి సమయంలో మీరు పక్కన ఉండలేరు, రెండోదాన్ని మాత్రం పూర్తిగా మీ చేతిలోకి తీసుకోవచ్చు. భోజనానికి ముందు తరగతి మొత్తాన్ని ఒకేసారి తీసుకెళ్లి కలిసి కడిగించండి. ఫిలిప్పీన్స్‌లో ‘ఫిట్ ఫర్ స్కూల్’ అనే కార్యక్రమం ఈ పద్ధతినే పట్టుకుంది. అక్కడ రోజూ పిల్లలంతా కలిసి సబ్బుతో చేతులు కడుక్కుని, పళ్లు తోముకుంటారు. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర వేసుకుంటారు. ‘చేతులు కడుక్కోండి’ అని గోడ మీద రాసిన వాక్యం కంటే అందరూ కలిసి చేసే పని అలవాటుగా నిలబడుతుందని నా గట్టి నమ్మకం. గోళ్లు వారానికోసారి చూడండి.

తాగునీటి ట్యాంకులో క్లోరిన్ కలిపితే, 30 నిమిషాలు ఆగాక లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దీన్ని కొలిచే చిన్న కిట్‌ను ఆరోగ్య సిబ్బందిని అడగండి. చాలా బాక్టీరియాలు, వైరస్‌లు క్లోరిన్‌కు చస్తాయి. ఏలిక పాము గుడ్లు, క్రిప్టోస్పోరిడియం వంటి కొన్ని పరాన్నజీవులు మాత్రం ఆ మోతాదుకు లొంగవు. వాటికి నీటిని తెర్లేదాకా మరిగించడమో, మంచి వడపోతో కావాలి. నీళ్ల పాత్రకు కుళాయి ఉండాలి. లేకపోతే పొడవు కాడ ఉన్న గరిటెతో తీసి పోయాలి. ట్యాంకులో నీళ్లు ఎంత శుద్ధంగా ఉన్నా అందరూ చేయి ముంచి తీసే పాత్రలోకి వచ్చేసరికి ఆ శ్రమంతా పోతుంది.

4. మాత్రల రోజును జాగ్రత్తగా జరపండి

ప్రభుత్వ ఆరోగ్య శాఖ కార్యక్రమం ఉంటే దానితోనే వెళ్లండి, విడిగా మందులు తెచ్చి పంచకండి. పురుగులు 20 శాతం కంటే ఎక్కువ మందిలో ఉన్న చోట ఏడాదికోసారి, 50 శాతం దాటిన చోట రెండుసార్లు మాత్ర ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బడి ఈడు పిల్లలకు సాధారణంగా 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ లేదా 500 మిల్లీగ్రాముల మెబెండజోల్, ఒక్కటే మోతాదు.

వారం ముందే తల్లిదండ్రులకు తెలియజేయండి. మాత్ర ఎందుకో, తర్వాత ఏం జరగవచ్చో చెప్పండి. అప్పుడు మరుసటి రోజు ఒకరిద్దరికి కడుపు నొప్పి వస్తే పుకార్లు పుట్టవు. పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లల్లో తేలికపాటి కడుపు నొప్పి, వికారం, తల తిరగడం వస్తాయి, చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. మలంలో పురుగులు పడవచ్చని కూడా ముందే చెప్పండి, లేకపోతే పిల్లలు హడలిపోతారు.

ఆ రోజు ఉదయం ప్రతి తరగతిలో రెండు ప్రశ్నలు అడగండి. ‘ఈరోజు ఒంట్లో బాగోలేనివాళ్లు ఎవరు?’ జ్వరమో వాంతులో ఉన్నవాళ్లకు ఆ రోజు ఇవ్వకండి, తగ్గాక ఇవ్వవచ్చు. ‘ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? ఏవైనా మందులు రోజూ వాడుతున్నారా?’ బద్దె పురుగు తిత్తులు మెదడులో ఉన్నవాళ్లకు ఈ మందులతో ఫిట్స్ రావచ్చు కాబట్టి, అవునన్న పిల్లల్ని ఆరోగ్య సిబ్బంది చూశాకే ఏదైనా. ఈ రెండో ప్రశ్న ఇంటివాళ్లను ముందే అడిగి ఉంచుకుంటే ఇంకా మంచిది.

మాత్రను మీ కళ్ల ముందే నమిలి మింగించండి. ఇంటికి ఇచ్చి పంపొద్దు. చిన్నపిల్లలకైతే పొడి చేసి నీళ్లతో ఇవ్వండి. ఏడుస్తున్న పిల్లల నోట్లో బలవంతంగా వేయడం, ముక్కు మూసి మింగించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మాత్ర గొంతుకు అడ్డుపడి ప్రాణాల మీదికి వస్తుంది. ఆ బిడ్డకు మాత్ర మరో రోజు వేయవచ్చు.

షిస్టోసోమియాసిస్ ఉన్న చోట్ల ప్రాజిక్వాంటెల్ కూడా ఇస్తారు. ప్రతి పిల్లవాడినీ తూచే పని లేకుండా, ఎత్తును బట్టి ఎన్ని మాత్రలో గుర్తులు పెట్టిన కర్రను వాడతారు. ఈ మందు ఖాళీ కడుపున వద్దు, తిన్నాకే వేయాలి.

రానివాళ్ల పేర్లు అదే రోజు రాసి, వారం లోపల మళ్లీ పిలిపించండి. బడి మానేసిన పిల్లలు అసలు జాబితాలోనే ఉండరు. వాళ్ల అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో మీ బడిలో ఉంటారు, వాళ్ల ద్వారా కబురు పంపండి.

మాత్రల వల్ల చదువు ఎంత మెరుగవుతుందన్న దానిపై పరిశోధకుల్లో వాదన ఉంది. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 75 బడుల్లో చేసి, 2004లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం గైర్హాజరు నాలుగో వంతు తగ్గిందని చెప్పింది. పరీక్షల మార్కులు మాత్రం పెరగలేదంది. తర్వాత వచ్చిన కొన్ని సమీక్షలు సగటు ప్రయోజనాన్ని ఇంకా తక్కువగా అంచనా వేశాయి. అందుకని తల్లిదండ్రులకు మార్కులు పెరుగుతాయని ఆశ పెట్టకండి. పురుగులతో బాధపడే బిడ్డకు చికిత్స అందాలి, ఆ కారణం చాలు.

5. వారానికో రోజు దోమల పని

డెంగీ తెచ్చే ఏడిస్ దోమ కుట్టేది పగలు. అంటే బడి వేళల్లోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. కాబట్టి వారంలో ఒక రోజు నిర్ణయించుకుని నీళ్లు నిలిచే ప్రతిదాన్నీ ఖాళీ చేయాలి: డ్రమ్ములు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, విరిగిన బకెట్లు, డాబా మీద పారేసిన సామాను. ఒంపేస్తే సరిపోదు, పాత్ర లోపలి గోడలు గట్టిగా రుద్దాలి. గుడ్లు అంచులకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పగిలి పిల్లలు బయటికొస్తాయి. ట్యాంకు మూత బిగుతుగా ఉండాలి.

మలేరియా దోమ కుట్టేది రాత్రి, కాబట్టి దానికి ఇంట్లో దోమతెరే దిక్కు. బడి చేయగలిగింది పిల్లలు తెరలో పడుకుంటున్నారో లేదో అడగడం, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్షకు పంపడం. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల బడి పిల్లల్లో చాలామందికి జ్వరం లేకుండానే పరాన్నజీవి ఒంట్లో ఉండి రక్తహీనత తెస్తుంది. అలాంటి ప్రాంతాల్లో బడి ఈడు పిల్లలకు ముందస్తు చికిత్సను ఆలోచించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది.

డెంగీ అనుమానం ఉంటే జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు, రక్తస్రావం ఎక్కువవుతుంది. జ్వరం తగ్గింది కదా అని వెంటనే బడికి పంపొద్దని తల్లిదండ్రులకు చెప్పండి. తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం జ్వరం దిగాక 24 నుంచి 48 గంటల్లోనే కనిపించవచ్చు. అప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

6. చర్మం, తల, కళ్లు

గజ్జికి ఇంటిల్లిపాదికీ ఒకే రోజు చికిత్స చేయాలి, లేకపోతే తిరుగుతూనే ఉంటుంది. మందు పనిచేశాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు, దాన్ని చూసి మందు పనిచేయలేదని అనుకోకండి. రాత్రిపూట మలద్వారం దగ్గర దురదపెట్టే చిన్న తెల్ల పురుగులదీ ఇంతే, ఇంట్లో అందరికీ మందు, రెండు వారాలకు మరో మోతాదు, పక్క దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకడం. వీటి గుడ్లు కొన్ని గంటల్లోనే అంటుకునే శక్తి తెచ్చుకుంటాయి, మట్టితో పనిలేదు. పేలున్నాయని ఎవరినీ ఇంటికి పంపక్కర్లేదు. ట్రకోమా ఉన్న ప్రాంతాల్లో పొద్దున్నే ముఖాలు కడిగించండి. అంటువ్యాధుల్లో చూపు పోవడానికి ప్రపంచంలో మొదటి కారణం ఆ జబ్బే. కళ్ల పుసి మీద వాలే ఈగలు దాన్ని ఒక బిడ్డ నుంచి మరో బిడ్డకు మోస్తాయి.

7. ఎవరిని ఎన్నాళ్లు ఇంట్లో ఉంచాలి?

విరేచనాలు, వాంతులు ఉంటే చివరిసారి అయ్యాక 48 గంటలు. తట్టు అయితే దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు. ఆటలమ్మకు పొక్కులన్నీ పక్కు కట్టేదాకా. గజ్జికి మొదటి చికిత్స అయ్యేదాకా. ఈ రోజులకు హాజరు విషయంలో పిల్లల్ని శిక్షించకండి, లేకపోతే జబ్బుతోనే వస్తారు. చేర్చుకునేటప్పుడే టీకాల కార్డు చూసి, వేయాల్సినవి మిగిలి ఉంటే ఆరోగ్య కేంద్రానికి పంపండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు బడిలో ఎప్పుడూ ఉండాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే కలపాలి. సగం ప్యాకెట్ అంచనాగా గ్లాసులో కలపడం ప్రమాదం. కళ్లు లోపలికి పోయి, నీళ్లు తాగలేక, మగతగా ఉన్న బిడ్డ విషయంలో ఓఆర్ఎస్ పట్టిస్తూ ఎదురుచూడొద్దు, వెంటనే తీసుకెళ్లాలి.

8. ఆరు నెలలకు మళ్లీ చూడండి

గైర్హాజరు కారణాల పట్టికను ఆరు నెలల కిందటి దానితో పక్కపక్కన పెట్టి చూడండి. విరేచనాలు తగ్గకపోతే నీళ్లు, చేతుల దగ్గరికి వెళ్లండి. పాలిపోయిన పిల్లలు అలాగే ఉంటే చెప్పులు, మరుగుదొడ్డి, మలేరియా పరీక్ష, ఐరన్ మాత్రల సంగతి ఆరోగ్య సిబ్బందితో మాట్లాడండి. కుదిరితే కొందరు పిల్లలకు మలపరీక్ష చేయమని అడగండి, ఏ పురుగు మిగిలిందో దానిలోనే తెలుస్తుంది. ఒక్క మోతాదు ఆల్బెండజోల్ ఏలిక పాముల మీద బాగా పనిచేసినా కొరడా పురుగుల మీద అంతగా పనిచేయదు. పరీక్షలో అవే ఎక్కువగా కనిపిస్తే, ఆల్బెండజోల్‌తో ఐవర్‌మెక్టిన్ అనే మరో మందు కలిపి ఇవ్వాలా అన్నది వైద్యులు తేలుస్తారు. వాళ్లకు మీరు అందించాల్సినవి ఆ పట్టిక, ఎవరికి ఏ తేదీన ఏ మాత్ర వేశారో రాసిన జాబితా.